పార్సిలమ్మ కాటా

ఖరగ్‌పూర్ సింహాచలమ్మ చంటిపిల్లల్ని కిలోల్లెక్కన తీసుకునేది. దొంగచాటుగా కాదు, పట్టపగలు, కన్నవాళ్ళ ఎదటే. ఝపటాపూర్ పేటలో తన ఇంటి వసారాలో పిల్లాణ్ణి కాటా మీద నిలబెట్టి, బరువు ఎంతో పైకి చెప్పి, కిలోకి నెలకి పది రూపాయల చొప్పున కట్టించుకునేది. మా స్టేషన్ ప్లాట్‌ఫారమంత పొడుగు ప్లాట్‌ఫారం భూమ్మీద మరోటి లేదని మేం చెప్పుకునే రోజులవి. దాని తరవాత చెప్పుకోదగ్గ వింత ఈవిడే. ఇందులో అబద్ధముంటే ఆ ప్లాట్‌ఫారం పొడుగునా ఒంటికాలి మీద గెంతమన్నా గెంతుతాం.

ఆవిడ భర్త ఎర్రయ్య పార్సిల్ ఆఫీసులో బస్తాలెత్తే మనిషి. ఆయన పోయిన కొన్నాళ్ళకి ఆఫీసులోకి కొత్త కాటా వచ్చి పాతదాన్ని వేలం వేస్తుంటే, సింహాచలమ్మ వెళ్ళి పాట పాడి తెచ్చేసుకుంది. బరువెక్కువని రిక్షావాడు రెట్టింపు అడిగితే, ఎంత బరువో తేలుద్దామని ఆ కాటాని దింపించి, దాని మీద దాన్నే పెట్టి తూయబోయిందని ఝపటాపూర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కాటా వసారాలో చేరాక ఆవిడ నోట పార్సిల్ ఆఫీసు మాటలే. పొద్దున్న పిల్లల్ని దింపడం బుకింగు, సాయంత్రం తీసుకెళ్ళడం డెలివరీ. ఏడుపుగొట్టు పిల్లాడు గాజుసామాను. ఆలస్యంగా వచ్చిన తల్లి డెమరేజీ కింద రెండు తమలపాకులూ ఒక వక్కా సమర్పించుకోవాలి. ఒకసారి సైకిల్ మీద పోతున్న చేపల దాదా, మొలతాడు తప్ప ఒంటిమీద మరేమీ లేని పిల్లాణ్ణి కాటా మీద చూసి బ్రేకు వేశాడు. కిలో ఎంత మాషీ అని బెంగాలీలో అడిగాడు. సింహాచలమ్మ తల తిప్పకుండా పది అంది. దాదా ధర బాగానే ఉందనుకుంటూ దగ్గరికొచ్చాడట. సరుకు చెయ్యి చాచి అతని మీసం పట్టుకుని కిలకిలా నవ్వేసరికి సైకిలెక్కి పారిపోయాడట. ఊరంతా ఆవిణ్ణి పార్సిలమ్మ అనేది ఇందుకే.

ఆ పార్సిలమ్మ పేరు వింటే గుండెల్లో రాయి పడ్డ మగవాడు నూకరాజు. వర్క్‌షాపులో ఫిట్టరు. అంత భయం అతని కొడుకు వల్ల. వాడి పేరు దేముడు. రెండేళ్ళు నిండలేదు గాని, వాణ్ణి ఎత్తుకున్నవాళ్ళు వీధి మలుపు దాటకుండానే పక్కవాళ్ళకి అందించి నడుం పట్టుకునేవాళ్ళు. వాడు ఉయ్యాల ఎక్కితే దూలం మూలిగేది. వర్క్‌షాపులో ఎవరైనా నీకెంతమంది పిల్లలని అడిగితే నూకరాజు, "పిల్లల్లేరు, బాయిలరున్నాది" అని గర్వంగా చెప్పుకునేవాడు. ఆ గర్వానికి కిలోకి పది రూపాయలు కట్టాల్సిన రోజొకటి వస్తుందని అతనికి తెలీదు.

అతని భార్య హైమవతి పెళ్ళికి ముందు నుంచీ ఒక చిన్న తెలుగు బడిలో టీచరు. దేముడు పుట్టాక మానేసి ఇంట్లో కూర్చుంది. అలా కూర్చున్నాక, పెద్దవాళ్ళతో మాట్లాడే భాష మర్చిపోతున్నానేమో అన్న దిగులు పట్టుకుంది ఆమెకి. ఉత్త దిగులు కాదు. బొగ్గుల బస్తా మోసుకొచ్చిన ముసలి దాదాని బువ్వ తిన్నావా బంగారుకొండా అని అడగడం నూకరాజు కళ్ళారా చూశాడు. ముసలాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని బస్తా లోపలికి తెచ్చి పెట్టాడు.

ఇంతలో బడి హెడ్‌మిస్ట్రెస్ అనసూయ గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఒక టీచరు బదిలీ అయిన భర్తతో వెళ్ళిపోతోంది. సోమవారం వచ్చి చేరితే ఆ కుర్చీ హైమవతిది. లేకపోతే అప్పటికే ఇద్దరు తిరుగుతున్నారు.

మొగుడూ పెళ్ళాలు లెక్కకి కూర్చున్నారు. జీతం మూడు వందలు. నూకరాజు తల్లి పలాస దగ్గర పొలం ఒగ్గి రానంది. హైమవతి తల్లి ఇప్పటికే ముగ్గురు మనవల్ని సాకుతోంది. సుభాష్‌పల్లిలో ఒక దీదీ పిల్లల్ని చూస్తుంది, లావూ సన్నం లేకుండా తలకి రెండు వందలు, కాకపోతే పిల్లలందర్నీ ఒక గదిలో పెట్టి తలుపేసి తను రేడియో వింటుంది. ఇక మిగిలింది పార్సిలమ్మ. దేముడు పద్నాలుగు కిలోలకి తగ్గడు. నూట నలభై ఆవిడకి. రానూ పోనూ రిక్షా ఉంది, వాడి పాలున్నాయి, బడికి కట్టుకెళ్ళడానికి రెండు చీరలైనా కావాలి.

నూకరాజు వేళ్ళు మడిచి మడిచి, వేళ్ళయిపోయాక అన్నాడు.

"అంటే నువ్వు పొద్దల్లా అరిసి పాఠాలు సెప్పి, ఆ డబ్బు పట్టుకెళ్ళి పార్సిలమ్మ సేతిలో ఎట్టి, మన కొడుకుని మనింటికి తెచ్చుకోడవే కదా. ఆ సంబరం ఇంట్లో కూకుంటే రాదేటి?"

"ఇంట్లో కూకుంటే డబ్బు మిగులుద్ది, నాను మిగల్ను" అంది హైమవతి. "ఆ కుర్సీలో ఇంకోలు కూకున్నాక, ఈడు పెద్దోడయ్యాక ఎల్లి నిలబడితే ఆలని లెగమంటారా?"

నూకరాజు ఇక కొడుకు బరువు తగ్గించే పనిలో పడ్డాడు.

ఆదివారం నాడు దేముడి వెండి మొలతాడు తీసేశారు. కాళ్ళ కడియాలు తీసేశారు. తాయెత్తు తియ్యాలా వద్దా అని కాసేపు వాదులాడుకుని, దాని రేకు వరకు తీసి దారం ఉంచారు. నూకరాజు అక్కడితో ఆగక వాణ్ణి మంగలి దగ్గరికి తీసుకెళ్ళి నున్నగా గుండు చేయించుకొచ్చాడు. జుత్తు మాత్రం బరువు కాదేటి అని అతని వాదన. సోమవారం పొద్దున్న పాలు సగమే పట్టారు. ఇంత చేసి తీరా ఝపటాపూర్ మలుపులో మిఠాయి దుకాణం ముందు రిక్షా ఆగిన క్షణంలో, దేముడు చెయ్యి చాచి పళ్ళెంలోంచి సమోసాలాంటి సింఘారా ఒకటి లాక్కుని బంగాళాదుంప కూరతో సహా మింగేశాడు. పావు రూపాయి దుకాణంవాడికి, రూపాయి పార్సిలమ్మకి అని గొణుక్కుంటూ నూకరాజు వాడి మూతి తుడిచాడు.

సింహాచలమ్మ వసారాలో అప్పటికి అరడజను మంది పిల్లలున్నారు. దూలానికి పొడుగాటి ఇనుప కొక్కెం, దానికి పాత చీర ఉయ్యాల, అందులో గాజుసామాను ఒకటి నిద్రపోతోంది. ఒక మూల కాటా. ఆవిడ దేముణ్ణి ఎగాదిగా చూడలేదు. హైమవతిని చూసింది. పార్సిల్ ఎక్కడ్నించి వస్తోందో తెలుసుకోవాలి కదా అంటూ ఒకటే ప్రశ్నలు. మీ ఆయన వర్క్‌షాపులో ఏ పని, ఓవర్‌టైం ఉందా, ఊరికి డబ్బు పంపుతారా, బడిలో నీకెంతిస్తారు, వేసవి సెలవుల్లో ఇస్తారా ఇవ్వరా. అడుగుతూ అడుగుతూ హైమవతి చెప్పుల వంక చూసింది. ఎడమ చెప్పు వారు తెగి పిన్నీసుతో నిలబడి ఉంది.

తరవాత దేముణ్ణి కాటా మీదికి ఎక్కించింది. తన వెడల్పాటి వీపు అందరికీ అడ్డం పెట్టి, పైన కమ్మీ మీది తూకపు గుండుని అటూ ఇటూ జరిపింది.

"ఎనిమిది" అంది.

హైమవతి ఊపిరి వదిలింది. నూకరాజు కూడా వదలబోయి, సగంలో ఆపేశాడు.

"ఏటి ఎనిమిది?"

"కిలోలు. పైనున్న గ్రాములు ఒగ్గీసినాను."

రాత్రంతా ఈ అంకె తగ్గించమని అప్పలనరసింహస్వామికి మొక్కుకున్న మనిషి, ఆ అంకె నిజంగా తగ్గేసరికి తట్టుకోలేకపోయాడు. తన బాయిలర్ ఎనిమిది కిలోలా. ఎనిమిది కిలోలు పిల్లి ఉంటుంది. "సరిగ్గా సూడత్తా" అన్నాడు. "ఆడి తొడలే ఎనిమిదుంటాయి. ఇంకోపాలి ఎక్కించు. దార్లో సింఘారా కూడా తిన్నాడు." ఇంకా ఏదో అనబోతుంటే హైమవతి అతని కాలు తొక్కింది. పిన్నీసున్న చెప్పుతోనే తొక్కింది. నూకరాజు ఎనభై రూపాయలు కట్టి, కుంటుకుంటూ, పరువు పోయినవాడిలా డ్యూటీకి వెళ్ళాడు.

కథ అక్కడితో సర్దుకునేదే. కాని వాళ్ళ తరవాత వరసలో సోమయాజులు గారున్నారు. రైల్వే అకౌంట్స్‌లో పెద్ద గుమాస్తా. ఆయన భార్య బాలత్రిపురసుందరికి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. వాళ్ళబ్బాయి అగ్గిపుల్లకి చొక్కా తొడిగినట్టుంటాడు. వాణ్ణి తూచి సింహాచలమ్మ పదహారు అంది. తన కొడుకు ఇన్నాళ్ళకి ఒళ్ళు చేశాడని సోమయాజులు గారు మురిసిపోయి, చిల్లర కూడా వెనక్కి తీసుకోకుండా వెళ్ళారు. ఆ మాట నూకరాజు చెవిన పడింది. అగ్గిపుల్ల పదహారు, బాయిలర్ ఎనిమిది.

ఇక చూడండి. జీతం మీద ఒక్క ఆలోచన లేదు, పిల్లాడి చదువు మీద లేదు, నూకరాజుకి ఒకటే ధ్యాస, కాటా. రోజూ కోడిగుడ్డు తెచ్చాడు. నెయ్యి తెచ్చాడు. కటక్ వెళ్ళే గార్డుతో చెప్పి ఖర్జూరాలు తెప్పించాడు. దేముడు ఏనాడూ కాదనలేదు. మరుసటి నెల తూకం మళ్ళీ ఎనిమిదే. దసరా పూజల నెలొచ్చింది. ఆ నెల ఖరగ్‌పూర్‌లో ఎముకలగూడు కూడా ఒళ్ళు చేస్తుంది. దేముడు ప్రతి పందిరి దగ్గరా చేతికందిన సందేశ్ మిఠాయల్లా మింగాడు. సెలవులని బడివాళ్ళు హైమవతికి అరజీతం చేతిలో పెట్టారు. ఆ నెల తూకం ఆరు.

"మా ఈడికన్న బరువైన జీళ్ళ పొట్లం ఉంటాది" అని నూకరాజు గోలపెట్టాడు. సోమయాజులు గారికి ప్రమోషన్ వచ్చిన నెల అగ్గిపుల్ల రెండు కిలోలు పెరిగాడు. ఇన్ని జరుగుతున్నా నూకరాజుకి ఏమీ తట్టలేదు. అతనికి తట్టిందల్లా కాటాకి జబ్బు చేసిందని. జబ్బు చేసిన ఇనుముని బాగుచెయ్యడమే అతని ఉద్యోగం.

ఒక శనివారం అతనికి సగం పూట డ్యూటీ. సింహాచలమ్మ పిల్లల్ని పక్కింటావిడకి అప్పజెప్పి గోల్‌బజార్ వెళ్ళిందని తెలిసి, నూకరాజు స్పానరు పట్టుకుని వచ్చాడు. కాటా నిలువు స్తంభానికున్న రేకు మూత విప్పాడు. పిల్లాడు నిలబడే పీటకీ, పైన బరువు చూపించే కమ్మీకీ మధ్య స్తంభంలో ఒక పొడుగాటి ఊచ ఉండాలి. కింద ఎంత బరువుందో పైకి చెప్పేది అదే. లోపల ఊచ లేదు. ఒక రబ్బరు బాతు ఉంది, చెంచాలున్నాయి, చప్పరించి వదిలేసిన బిస్కత్తులున్నాయి, ఎప్పుడో పోయిందని సోమయాజులు గారు ఆఫీసంతా వెతికించిన పెన్నుంది. కాటా మీద ఏనుగు నిలబడినా, దోమ వాలినా పైనున్న కమ్మీకి తెలిసే దారి లేదు.

అతనింకా నోరు తెరుచుకునే ఉన్నాడు, వెనక సంచీతో సింహాచలమ్మ నిలబడి ఉంది.

"మూత ఎట్టీ బాబూ. పిల్లలు సేతులెడతారు."

"అత్తా, ఇది తూయదు."

"నాను తూస్తన్నాను కదా" అందావిడ. సంచీ దించి, వంకాయలు ఏరుతూ కూర్చుంది. ఆ విషయం మీద ఆవిడ చెప్పదలచుకున్నది అంతేనని నూకరాజుకి అర్థమై మూత బిగించాడు.

ఇంటికి పరుగెత్తుకొచ్చి హైమవతికి గుట్టు చెప్పాడు, పిడుగులాంటి కబురు తెచ్చానన్న ఉత్సాహంతో. ఆమె కాపీ పుస్తకాలు దిద్దుతూ తల కూడా ఎత్తలేదు.

"మొదటి రోజే తెలుసు. ఆణ్ణి రోజూ సంకనేసుకునీది నానా, నువ్వా? పద్నాలుగుకీ ఎనిమిదికీ తేడా నా నడుముకి తెలీదేటి?"

"మరి నాకు సెప్పనేదే?"

"కాలు తొక్కినాను కదా."

అప్పుడు వెలిగింది నూకరాజుకి. అరజీతం నెల ఆరు. పిన్నీసు చెప్పు ఎనిమిది. ప్రమోషన్‌కి రెండు పైన. తూగింది పిల్లాడు కాదు, ఇల్లు. నిజం తూకం తూస్తే తన పెళ్ళాం ఆ కుర్చీలో రెండో నెల ఉండేది కాదు.

సరిగ్గా ఆ వచ్చే నెల మొదటి సోమవారం సోమయాజులు గారు ఆస్పత్రి చీటీ పట్టుకుని దిగారు. టీకాలకి తీసుకెళ్తే అక్కడ అబ్బాయిని తూచారు. పదకొండు. ఇక్కడ పద్దెనిమిదికి కడుతున్నారు. ఆయన కోపంగా లేరు, అకౌంట్స్ మనిషి గనక ఇంకా ప్రమాదకరంగా, శాంతంగా ఉన్నారు. "నాకు ఎవరి మీదా అనుమానం లేదు. రెండు తూకాలూ నిజం కావడానికి వీల్లేదు, అంతే. నూకరాజు గారూ, మీరు వర్క్‌షాపు మనిషి. ఆ మూత తీసి చూసి, నలుగురిలో చెప్పండి. మీ మాటకి కట్టుబడతాను."

వసారా నిండా తల్లులు. సింహాచలమ్మ ఎవరికో ముక్కు తుడుస్తోంది, తనకి సంబంధం లేనట్టు. హైమవతి చెప్పు నూకరాజు పాదం పక్కకి వచ్చి ఆగింది. ఈసారి తొక్కలేదు. ఊరికే ఆగింది.

నూకరాజు వెళ్ళి కాటా ముందు గొంతుక్కూర్చున్నాడు. జేబులోంచి స్పానరు తీసి మూత జానెడు తెరిచి, తన బుర్ర అడ్డం పెట్టి లోపలికి చూశాడు. రబ్బరు బాతు అతన్ని చూసింది. స్తంభానికి చెవి ఆనించాడు. స్పానరుతో రెండుసార్లు కొట్టి, ఆ మోత చివరిదాకా విన్నాడు. మూత బిగించి లేచాడు.

"కాటా ఠీక్ హైండి."

"మరి మావాడు?"

"మీ అబ్బాయిది ఎముక బరువండి. ఆస్పత్రి కాటాకి ఎముక అందదు. ఇది లగేజీ కాటా. లోపల్నించి లాగుతాది."

సోమయాజులు గారు కళ్ళజోడు సర్దుకుని దేముడి వైపు చూశారు. వాడు వసారా మధ్య రెండు చేతులా మరమరాలు బొక్కుతూ, ముగ్గురు పిల్లల జాగా ఆక్రమించుకుని కూర్చున్నాడు. "మరి ఇతను ఎనిమిదేమిటండీ" అన్నారు.

వర్క్‌షాపులో, వీధిలో, చుట్టాల పెళ్ళిళ్ళలో బాయిలరని చెప్పుకున్న నోరు అది. ఆ నోరు ఒకసారి తెరుచుకుని మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది.

"ఆడిదంతా గాలండి" అన్నాడు నూకరాజు. "పైకలగ అవుపడతాడు గానీ లోపలేటీ నేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి ఆ తల్లులు పడ్డ అవస్థ చూడాల్సిందే. బాలత్రిపురసుందరి ముందుకొచ్చి కొడుకుని చంకకెత్తుకుంది. ఇంట్లో మెతుకు ముట్టని వాడు ఇక్కడ పళ్ళెం నాకి పెడుతున్నాడని ఆవిడకి తెలుసు. ఆవిడా రోజూ పిల్లాణ్ణి ఎత్తుకునే మనిషే. "మా నాన్నగారిది కూడా ఎముక బరువేనండీ" అని మొగుడితో అంది. "నా చేతికి పద్దెనిమిదిలాగే ఉన్నాడు. కట్టేసి రండి." సోమయాజులు గారు కాసేపు భార్య మొహం చూశారు, కాసేపు కాటా చూశారు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, అయితే నాకు అభ్యంతరం లేదని కట్టేశారు. వెళ్తూ వెళ్తూ, పిల్లలెవరో కాటాలో పారేసిన పెన్ను దొరికితే తనకి ఇప్పించమని నూకరాజు చెవిలో చెప్పారు. ఆ మూత సందులోంచి ఆయన ఎంత చూశారో ఎవరూ అడగలేదు.

ఆ తరవాత వర్క్‌షాపులో నూకరాజు పేరు ‘గాలోడి బాబు’గా, అంటే గాలోడి తండ్రిగా, స్థిరపడింది. హైమవతి కుర్చీ కూడా స్థిరపడింది. పదేళ్ళకి అనసూయ గారు రిటైరై, ఆవిడ కూర్చునే పెద్ద కుర్చీయే హైమవతికి వచ్చింది. దేముడు అప్పటికి బడి ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరు. వాడు నిలబడితే గోలులో సగం మూసుకుపోయేది, మిగతా సగం మాత్రం వాడు చూసుకుంటే చాలు.

హెడ్‌మిస్ట్రెస్ అయిన సందర్భానికి ఇంట్లో భోజనాలు పెట్టారు. సింహాచలమ్మని పిలిచి పెద్ద పీట వేశారు. వడ్డనలవుతుండగా నూకరాజు చుట్టాలకి కాటా కథ ఎత్తుకున్నాడు. ప్రతిసారీ కథ కొంత ఒళ్ళు చేస్తుంది గనక, ఆ రోజుకి కాటా ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చింది, దాని మీద ఒక మహారాజు ఏనుగుని తూచారు. తరవాత రైల్వేవాళ్ళు అసలైన ఊచ పీకి దాచుకుని, ఉత్త డొల్లని వేలంలో అంటగట్టి, చదువులేని ఆడమనిషిని మోసం చేశారు. చెడిపోయిన ఆ కాటాతోనే ఆ మహాతల్లి ఇన్ని సంసారాలు నిలబెట్టిందని గొంతు బొంగురు చేసుకుని ముగించాడు. చుట్టాలు చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని సింహాచలమ్మ వైపు చూశారు.

ఆవిడ పప్పులో నెయ్యి కలుపుకుంటోంది.

"రైలోలు ఏటీ తియ్యనేదు. కాటా బాగానే తూసీది. ఉయ్యాలకి కొక్కెం కావలసొచ్చి నానే ఊడదీసినాను."